తుఫాను మాట ఎత్తనని

అక్టోబర్ 4, శనివారం

ఇవాళ ఒట్టు వేశాను. అందుకే ఇది రాస్తున్నాను.

మా ఆయన దవాఖాన నుంచి ఇంటికొచ్చాడు. మంచం మీద కూర్చుని, ఇచ్చిన మంచినీళ్ళు కూడా తాగకముందే నా చెయ్యి పట్టి తన నెత్తి మీద పెట్టుకున్నాడు. కొడుకు రమాకాంత్, కోడలు సుకన్య చూస్తూనే ఉన్నారు.

"ఒట్టెయ్" అన్నాడు.

"ఏమని?"

"తుఫాన్ ముచ్చట గని, వాన ముచ్చట గని, వరద ముచ్చట గని మల్ల ఈ ఇంట్ల ఎత్తనని."

"ఎత్తితే?"

"ఎత్తితే నన్ను నీ చేతుల్తోని సంపుకున్నట్టే."

వేశాను. వేయక ఏం చేస్తాను, తప్పు నాదే అని అందరూ అంటున్నారు.

దసరా ముందర టీవీలో వాయుగుండం అన్నారు. మా ఇల్లు కొత్తవాడలో అన్నిటికంటే పల్లంలో ఉంది, వెనకనే నాలా. జంపఖానాలు నేసే నూలంతా నేల మీదే ఉంటుంది. కట్టలు తీసుకుపోయి పక్కింటి మొగిలమ్మ మేడ మీద పెడదామన్నాను. వద్దన్నాడు. నేను వదిలిపెట్టలేదు. పొద్దున అన్నాను, మధ్యాహ్నం అన్నాను, అన్నం పెడుతూ అన్నాను. చివరికి కోపమొచ్చి ఒక కట్ట తానే ఎత్తుకున్నాడు. ఆయాసం మనిషి. బతుకంతా పత్తి దుమ్ము పీల్చిన మనిషి. మెట్ల మీదనే కూలబడ్డాడు. దసరా జమ్మి ఆకు ఆస్పత్రి వార్డులో పంచుకున్నాం. వాయుగుండం ఒడిశా దిక్కు పోయింది. మా గల్లీలో దుమ్ము అణిగేంత కూడా పడలేదు.

"మనసుల వట్టదు గదా అత్తమ్మా, నోటితోని అనకుండ గిండ్ల రాస్కో" అని సుకన్య చిట్‌ఫండ్ వాళ్ళ పాత డైరీ ఇచ్చింది. నాలుగో తరగతి దాకా చదివాను. అక్షరాలు వస్తాయి, చెయ్యే నెమ్మది.

అక్టోబర్ 6

ఇంకో తుఫాను. అరేబియా సముద్రంలో అట. నేనేమీ అడగలేదు. నా మొహం చూసి సుకన్యే ఫోన్‌లో బొమ్మ చూపించింది. "గది గుజరాత్ దిక్కు అత్తమ్మా. మనకు సంబంధం లేదు."

గుజరాత్‌లో కూడా మనుషులుంటారు కదా.

రాస్తే ఒట్టు తప్పినట్టా? నోటితో అనలేదు. తప్పినట్టు కాదు. కాదనే అనుకుంటున్నాను.

అక్టోబర్ 9

ఆయన మళ్ళీ మగ్గంలో దిగాడు. దిగాడు అనే అనాలి. మాది గుంట మగ్గం. గుంట గట్టు మీద కూర్చుని కాళ్ళు లోపలికి వేసుకుంటే తొక్కుడు చెక్కలు అడుగున ఉంటాయి. ఒక చర్చి వాళ్ళు క్రిస్మస్‌కు జనం కూర్చోవడానికి పొడుగు జంపఖానా చెప్పారు. ఎరుపు, నీలం పట్టీలు. ఇంత పెద్ద పని వచ్చి ఎన్నేళ్ళయిందో. మిషన్ చాపలు వచ్చాక ఎవరడుగుతున్నారు?

ఇనుప పళ్ళ పంజాతో పేకను, అంటే అడ్డపోగును, కొడుతుంటే ఇల్లంతా చప్పుడు. ఇన్నాళ్ళూ చప్పుడు లేక నిద్ర పట్టలేదు. ఇప్పుడు పడుతుందేమో.

అక్టోబర్ 10

పట్టలేదు.

అక్టోబర్ 16

టీవీ చూస్తూ ఆయన గట్టిగా అన్నాడు, మొగిలమ్మకు కూడా వినబడేలా. "విన్నవా బక్కీ? వానకాలం వోయిందట. ఇగ నీకు పని లేదు."

మొగిలమ్మ గోడ అవతలి నుంచి నవ్వింది. "వదినెకు పని లేకపోతె ఎట్ల అన్నా? ఎండలకు ఫికర్ వడ్తది తియ్."

నేనూ నవ్వాను. వానాకాలం పోతే సముద్రం కూడా పోతుందా? దసరాకు వచ్చింది వానాకాలంలో వచ్చిందా, పోయేటప్పుడు వచ్చిందా? అడగాలనిపించింది. అడగలేదు.

అక్టోబర్ 20, దీపావళి

దీపాలు పెట్టాం. రమాకాంత్ ఆటోకు దండ వేశాడు. పిల్లల టపాకాయల నిప్పు నూలు మీద పడుతుందని కిటికీలు మూయించాను. నిప్పు ముచ్చట ఒట్టులో లేదు.

"నీళ్ళు వోయినయి, ఇగ నిప్పు వచ్చిందా?" అన్నాడు ఆయన. కానీ కోప్పడలేదు. అరిసె ఇంకొకటి అడిగాడు.

అక్టోబర్ 22

తమిళనాడు దిక్కు అల్పపీడనం. దూరం. చాలా దూరం.

అక్టోబర్ 25

మళ్ళీ బంగాళాఖాతంలోనే. అండమాన్ దగ్గర మొదలైందట. మొదట అల్పపీడనం, తర్వాత వాయుగుండం, తర్వాత తీవ్ర వాయుగుండం, ఆ తర్వాత తుఫాను. పిల్లలు తరగతులు పాసైనట్టు ఒక్కొక్కటే పాసవుతుంది. అన్నీ అలాగే మొదలవుతాయి. అన్నీ మన దాకా రావు. అది నాకు తెలుసు. నేను అంత పిచ్చిదాన్ని కాదు.

టీవీ చప్పుడు పెంచి వంటింట్లోకి పోయాను. నేను అనలేదు, టీవీ అంటుంది, ఆయనే వింటాడు అనుకున్నాను. ఆయన లేచి టీవీ బంద్ చేశాడు.

"కరెంటు ఊకెనే వస్తాందా?" అన్నాడు.

అక్టోబర్ 27

పేరు పెట్టారు. మొంథా.

బియ్యం బస్తా బల్ల మీదికి ఎక్కించాను. ఎందుకని అడిగితే చీమలు అని చెప్పాను. చీమలు నిజంగానే ఉన్నాయి. రెండో మూడో.

రంగు వేసిన నూలు కట్టలు నేల మీదే ఉన్నాయి. వాటికి చీమలని ఎలా చెప్పాలి?

అక్టోబర్ 28

రాత్రికి తీరం దాటుతుందట. ఆంధ్రాలో. సుకన్య కొలువు నుంచి వచ్చి ఫోన్ చూస్తూ చెప్పింది. "సముద్రం కాడ గాలి మస్తుగున్నదట. మన దిక్కు వాన వడ్తదట, గంతే."

గంతే అంది.

ఆయన వింటున్నాడు. నన్నే చూస్తున్నాడు. నేను చిక్కుడుకాయలు తుంచుతున్నాను. నా పెదవులు కదులుతాయేమో అని చూస్తున్నట్టు చూశాడు. కదలలేదు. గెలిచినట్టు నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నాకు కూడా ధైర్యం వచ్చింది. ఇన్నేళ్ళుగా నేను భయపడ్డవన్నీ లెక్క పెడితే ఎన్ని నిజమయ్యాయి? ఇది కూడా కాదు.

కాదు.

అక్టోబర్ 31, దవాఖాన

డైరీ అటక మీద ఉండి తడవలేదు. సుకన్య తెచ్చి ఇచ్చింది. ఆయనకు ముక్కుకు, నోటికి కలిపి ఆక్సిజన్ పెట్టారు. నిద్రపోతున్నాడు. రాయాలి. రాయకపోతే ఎవరికి చెప్పుకోను?

బుధవారం పొద్దున లేచేసరికే వాన. చినుకులు కాదు, పైనుంచి కుమ్మరించినట్టు. రమాకాంత్ అప్పటికే ఆటో తీసుకుని స్టేషన్‌కు పోయాడు. రైలు బండ్లు ఆగిపోయాయి, ఎక్కడెక్కడి వాళ్ళో దిగి ఉన్నారు, కిరాయిలు దొరుకుతాయన్నాడు. సుకన్య హనుమకొండలో బట్టల షాపుకు పోయింది. ఆయన చాయ తాగి మగ్గంలో దిగాడు. నేను ఎదురుగా గోడకు ఆనుకుని కండెలకు నూలు చుడుతున్నాను. వాన హోరులో పంజా చప్పుడు కూడా సరిగ్గా వినబడటం లేదు.

నేను వాకిలినే చూస్తున్నాను. నీళ్ళు వస్తే అటు నుంచే వస్తాయనుకున్నాను. కాళ్ళు తుడుచుకునే గోనెపట్టా మడిచి, ఊరికే సర్దుతున్నట్టు గడపకు అడ్డంగా పెట్టాను. నీళ్ళు అటు నుంచి రాలేదు. గుంటలోంచి వచ్చాయి. భూమి లోపలి నుంచి ఊరుతూ పైకి వచ్చాయి.

మొదట తొక్కుడు చెక్కల చప్పుడు మారింది. కట్టె చప్పుడు పోయి, పిల్లలు బురదలో నడిచినట్టు చప్ చప్ అని వినబడింది. చేతిలో నూలు ఆపాను. ఆయన కూడా ఆపాడు. ఆయన నన్ను చూశాడు. నేను ఆయన్ని చూశాను. ఆయన తల దించుకుని మళ్ళీ పేక వేశాడు.

తర్వాత లుంగీ మోకాళ్ళ పైకి ఎగగట్టుకున్నాడు.

చలి పెడుతుందా అని అడగబోయాను. చలి ఎందుకు అంటాడు. అప్పుడు వాన అనాలి. అడగలేదు. కండెలు దగ్గరికి తెచ్చి పెట్టే సాకుతో లేచి గుంటలోకి తొంగిచూశాను. పిక్కలు మునిగాయి. నేను చూడటం ఆయన చూశాడు.

"ఏం సూస్తానవ్?"

"ఏం లేదు."

"కండె ఇయ్యి మరి. నీలం."

ఇచ్చాను.

ఆ సమయంలోనే రమాకాంత్ ఫోన్ చేశాడు. "అవ్వా, ఇంటి కాడ ఎట్లున్నది? గీడ రోడ్డంత నీళ్ళే. ఆటో నడుస్తలేదు."

ఆయన పంజా పట్టుకుని నా మొహమే చూస్తున్నాడు.

"మంచిగనే ఉన్నది బిడ్డా."

"బాపు ఏం జేస్తాండు?"

"మగ్గం మీద ఉన్నడు."

"సరే, జర పైలం" అని పెట్టేశాడు.

ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. మంచిగనే ఉన్నది అన్నాను. నా నోటితో అన్నాను. ఒట్టు తప్పకుండా ఉండటానికి కొడుకుతో అబద్ధం ఆడాను.

కరెంటు పోయింది. చీకటి కమ్మింది, పొద్దున పూట సాయంత్రమైనట్టు. గోనెపట్టా గడప దగ్గరి నుంచి లేచి తేలుతూ నా దగ్గరికి వచ్చింది. నాలా నీళ్ళు, గుంట నీళ్ళు కలిసిపోయాయి. నూలు కట్టలు నానాయి. ఆయన నడుము చుట్టూ నీళ్ళు ఎర్రగా మారాయి. రంగు అని తెలుసు. నేనే ఎండబెట్టిన నూలు. అయినా ఆ ఎరుపు చూడగానే నా నోరు ఆగలేదు.

"లే! నీళ్ళు! లే, నీ కాళ్ళు మొక్కుత!" అని అరిచాను.

"లేస్తాన" అన్నాడు. వెంటనే అన్నాడు. ఎదురు చెప్పలేదు.

లేవలేకపోయాడు. అంతసేపు చన్నీళ్ళలో ఉండి కాళ్ళు మొద్దుబారిపోయాయి. చేతులు గట్టు మీద ఆనించి లేవబోతాడు, జారిపోతాడు. నేను చంకల కింద చేతులు పెట్టి లాగాను. నా బలమెంత? ఆయాసం మొదలైంది. పీల్చే పంపు గూట్లో ఉండాలి, గూడే కనబడటం లేదు. "మొగిలీ! ఓ మొగిలీ!" అని గొంతు పోయేలా అరిచాను. మొగిలమ్మ ఇంట్లో కిరాయికి ఉండే శాంసన్ వచ్చాడు. బోర్లు వేసే పనికి పోయే మనిషి, గట్టి చేతులు. వెనక నుంచి పట్టి ఒక్క గుంజుతో పైకి తీశాడు.

"ఏంది పెద్దమ్మా, గిన్ని నీళ్ళు వచ్చేదాంక ఏం జేస్తాన్రు ఇద్దరు?" అన్నాడు.

నేను కొంగుతో ఆయన మొహం తుడిచాను.

మొగిలమ్మ మేడ మీద ఆ పగలూ ఆ రాత్రీ ఉన్నాం. పంపు దొరకలేదు. వీపు రుద్దుతూ కూర్చున్నాను. ప్రతి ఊపిరీ రంపం లాగినట్టు. మర్నాడు పడవ వచ్చింది. మా గల్లీలోకి పడవ. సముద్రం ఎక్కడో ఉందని అందరూ చెప్పారు నాకు.

నవంబర్ 1

డాక్టర్ ఇంకా ఏమీ చెప్పడం లేదు. నిమ్ము పట్టింది అంటాడు, చూద్దాం అంటాడు.

సుకన్య నిన్న నాతో మాట్లాడలేదు. ఇవాళ వరండాలో అడిగింది. "అత్తమ్మా, ఏమన్న అనుకో. నెలల కొద్ది నువ్వు చెప్పని దినం లేకుండె. గా ఒక్క దినం చెప్తే అయిపోవు గదా? ఫోన్ల మంచిగనే ఉన్నదంటివట. ఎట్ల అన్నవ్?"

"ఒట్టు ఉండె గదా బిడ్డా. నీ ముంగటనే గదా ఏసింది."

"నిజంగనే వట్టుకున్నవా?" అంది. తర్వాత నా పక్కన కూర్చుని నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది. ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు.

నేను ఒట్టు తప్పానా? లే అన్నాను. నీళ్ళు అన్నాను. తుఫాను అనలేదు. వాన అనలేదు. వరద అనలేదు. నీళ్ళు ఒట్టులో లేవు. మూడు మాటలే ఒట్టు. తప్పలేదు. తప్పి ఉంటే శాంసన్ వచ్చేవాడా?

కానీ తప్పకపోతే ఈ ఆక్సిజన్ ఎందుకు?

సాయంత్రం

నీళ్ళు ఒట్టులో లేవు.

నవంబర్ 2, ఆదివారం

ఇవాళ మాస్కు తీసి కాసేపు గంజి తాగించనిచ్చారు. చెంచా నోట్లో పెట్టించుకుంటూ నా వైపు చూసి "ఏమే" అన్నాడు. ఎప్పుడూ పిలిచేటట్టు బక్కీ అనలేదు.

"ఏంది?"

"నాకు ముందుగాల్నే ఎరుక."

"ఏం ఎరుక?"

"నీళ్ళు. పాదాలకు తగిల్నప్పుడే ఎరుకాయె." ఊపిరి తీసుకున్నాడు. "నువ్వంటవని సూసిన."

నాకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగాను.

"ఎన్నడు అనకుండ ఉన్నవ్ నువ్వు? ఇప్పుడంటది, ఇగ అంటది, అన్నంక తిట్టుకుంట లేద్దామనుకున్న. నా అంతట నేను లేస్తే..."

"లేస్తే ఏమైతది?"

"నువ్వు గెల్సినట్టైతది గదా."

చెంచా గిన్నెలో పెట్టేశాను. ఈయన నా మాట కోసం నీళ్ళలో కూర్చున్నాడు. నేను ఈయన ప్రాణం కోసం నోరు మూసుకున్నాను. ఇద్దరం ఆ ఎర్రనీళ్ళు చూస్తూ కూర్చున్నాం. నాకు అప్పుడు కూడా ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. పెళ్ళైనప్పటి నుంచీ ఇంత కోపం రాలేదు.

"మనిషివేనా నువ్వు?" అన్నాను. "నీ నెత్తి మీద చెయ్యి వెట్టిచ్చింది ఎవరు?"

"నేనే."

"కొడుకుతోని అబద్ధం ఆడిపిచ్చింది ఎవరు?"

పక్క మంచం వాళ్ళు చూస్తున్నారు. చూడనీ.

"నేనే తియ్" అన్నాడు. నా చెయ్యి తీసుకుని నెత్తి మీద పెట్టుకుని, మళ్ళీ తీసి మంచం పట్టె మీద పెట్టాడు. "తీసి గట్టు మీద వెట్టిన. ఇగ లేదు ఒట్టు. ఏమంటవో అను."

అన్నాను. తుఫాను, వాన, వరద, మూడూ అన్నాను. నర్సు వచ్చి అమ్మా మెల్లగ అనేదాకా అంటూనే ఉన్నాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. నిద్రపోయాడనుకుని ఆపితే, "ఊఁ" అన్నాడు.

నవంబర్ 5

నిన్న ఇంటికి పంపారు. ఇల్లంటే మా ఇల్లు కాదు, మొగిలమ్మ మేడ మీద గది. కింద ఇంకా బురద. ఆయనకు నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఇక మగ్గం వద్దని డాక్టర్ చెప్పాడు. చెప్పకపోయినా కాళ్ళు అంత లోపలికి వేసి మళ్ళీ తీసే బలం లేదు.

రమాకాంత్ పొద్దున కిందికి పోయి మగ్గానికి కట్టిన పడుగు కోసేశాడు. చర్చి వాళ్ళ జంపఖానా సగం కూడా కాలేదు. నీలం ఎరుపులోకి, ఎరుపు నీలంలోకి దిగిపోయాయి. ఎండలో పరిచాడు. ఎవరూ దాని మీద కూర్చోరు.

"బాపూ, గుంట ఏం జేద్దాం?" అని మెట్ల కింద నుంచి అడిగాడు.

ఆయన దుప్పటి అంచు మడత పెట్టాడు. తర్వాత "మన్ను వోపియ్యి" అన్నాడు. నన్ను చూడకుండా అన్నాడు.

మధ్యాహ్నం ట్రాక్టర్ మన్ను దిగిన చప్పుడు వినబడింది. నేను అన్నం కలుపుతున్నాను. ఆయన ముద్ద తీసుకోకుండా ఆ చప్పుడు ఆగేదాకా గోడ వైపు తిరిగి ఉన్నాడు. నేనూ ఏమీ అనలేదు. ఈసారి ఎవరూ నా నోరు కట్టలేదు.

పొద్దు వాలాక మబ్బు పట్టింది. మామూలు మబ్బే. ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు. కిటికీలోంచి చూశాడు. మళ్ళీ చూశాడు.

"టీవీల ఏమన్నడు?" అని అడిగాడు.

నన్ను ఆ మాట అడిగిన మనిషి మా ఇంట్లో ఇదివరకు లేడు. అబద్ధం చెప్పొచ్చు. ఏమీ లేదు, పండుకో అని చెప్పొచ్చు. గుండె కూడా బలహీనపడింది, భయపెట్టొద్దని ఇంటికి పంపేటప్పుడు డాక్టర్ చెప్పాడు కూడా.

"సముద్రంల ఇంకోటి ఉన్నదట" అన్నాను. "బర్మా దిక్కు పోతాందట."

"మనకు రాదా?"

"రాదనే అంటాన్రు."

ఆయన దుప్పటి గదవ దాకా లాక్కున్నాడు. కాళ్ళు కూడా పైకి ముడుచుకున్నాడు.

"ఇటు మల్లితే?" అన్నాడు.

మల్లదు అని నేను అనలేదు. "మల్లితే ముందుగాల నీకే చెప్త" అన్నాను. "మనం పైననే ఉన్నం గదా. రమాకాంత్‌ను, సుకన్యను గూడ పైనికి పిలుస్త."

"గిప్పుడే పిలువు" అన్నాడు.

పిలిచాను. సుకన్య చెప్పులు విడిచి మెట్లెక్కి వచ్చింది. ఏమైంది అత్తమ్మా అంది. ఏమీ కాలేదు, మామయ్య రమ్మంటున్నాడు అని చెప్పాను. రమాకాంత్ కూడా బురద కాళ్ళతోనే వచ్చాడు. నలుగురం ఆ గదిలో కూర్చున్నాం. చినుకు పడలేదు. అయినా ఎవరూ కిందికి పోతామని అనలేదు.